ఏ నంబరు వీసా?

మన కాలేజీలో చేరిన మొదటి వారం ఎవరిని కలిసినా ఒకటే ప్రశ్న: "ర్యాంకెంత?" పేరు తర్వాత, ఊరి కంటే ముందు అదే అడుగుతారు. నాకు అది కొత్తగా అనిపించలేదు. అంతకు ముందు రెండేళ్ళు నేనున్న చోట కూడా మనిషిని ఒక నంబరుతోనే గుర్తుపట్టేవాళ్ళు. "ఏ వీసా మీద వచ్చినావు? పద్దెనిమిదా, ఇరవయ్యా, ఇరవై రెండా?"

నేను పదకొండు, పన్నెండు చదివింది కువైట్‌లో. హాస్టల్లో "ఫారిన్ రిటర్న్" అని ఆటపట్టించే ఫ్రెండ్స్‌కి ఈ మూడు నంబర్ల సంగతి ఎప్పుడో ఒకసారి చెప్పాలని ఉండేది. ఇప్పుడు చివరి సంవత్సరంలోకి వచ్చేశాం, క్లబ్ వాళ్ళు కూడా రాయమన్నారు. ఇంక వాయిదా వెయ్యను.

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి చుట్టుపక్కల ఊళ్ళలో కువైట్‌ని ఎవరూ విదేశం అనరు. "మద్రాసుకు పోయినాడు" అన్నట్టే "కువైట్‌కు పోయినాడు" అంటారు. మా వీధిలో ప్రతి రెండో ఇంట్లో ఒక మనిషి తక్కువ. ఆ ఇంటి గోడకు మాత్రం కొత్త రంగు ఉంటుంది, మంచం మీద పూల బొమ్మల కువైట్ రగ్గు ఉంటుంది.

మా ఇంట్లో తక్కువైన మనిషి నాయన. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి 2004లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పనికి వెళ్ళాడు. నాకప్పుడు రెండేళ్ళు. రెండేళ్ళకోసారి నలభై ఐదు రోజుల సెలవు మీద వచ్చేవాడు. నాకు చొక్కాలు తెచ్చేవాడు. అవి ఎప్పుడూ ఒక సైజు తక్కువే. గల్ఫ్ నాయనలున్న పిల్లలకు ఈ మాట చెప్పగానే అర్థమవుతుంది. వాళ్ళు చొక్కా కొనేటప్పుడు మనసులో ఉండే పిల్లవాడు పోయినసారి చూసిన పిల్లవాడు.

ఇక ఆ నంబర్ల సంగతి. అవి కువైట్ నివాస చట్టంలోని నిబంధనల నంబర్లు. 18 అంటే ప్రైవేటు కంపెనీ ఉద్యోగం. 20 అంటే ఇంటిపని: వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు. మా వైపు దాన్ని ఖాదిం వీసా అంటారు. 22 అంటే కుటుంబం, అంటే అక్కడ పనిచేసే మనిషి తన భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీసా. 18 మీద ఉన్న అందరికీ 22 దొరకదు. జీతం ఒక గీత దాటాలి. ఆ గీత చాలాకాలం 250 దినార్లు. 2016లో దాన్ని 450 చేశారు. అప్పట్లో దినారు సుమారు 210 రూపాయలు, అంటే నెలకు దాదాపు 95 వేలు. 20 మీద ఉన్నవాళ్ళకు ఇలాంటి గీత కూడా లేదు. కుటుంబాన్ని తెచ్చుకోవడమన్న మాటే ఆ వీసాలో లేదు.

గీత 250 దగ్గర ఉన్నప్పుడు నాయన జీతం దాన్ని దాటే ఉండేది. కానీ ఊళ్ళో జేజి మంచం మీద ఉంది, అమ్మ కదల్లేదు. జేజి పోయేసరికి గీత 450కి వెళ్ళింది, నాయన 380 దగ్గర ఉన్నాడు. తర్వాతి సంవత్సరం సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ వచ్చి జీతం 460 అయింది. అప్పటికి నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో పదో తరగతి పరీక్షలు రాశాను.

ఈ వయసులో పిల్లవాణ్ణి స్కూలు మారుస్తారా, ఇంటర్ ఇక్కడే ఏదో ఒక కార్పొరేట్ కాలేజీలో వెయ్యకుండా, అని బంధువులందరూ అన్నారు. ఫోన్లో నాయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇంకో రెండేండ్లయితే వాడు ఇంజనీరింగుకు పోతాడు. ఆ తర్వాత ఉద్యోగం. వాడు నా ఇంట్లో ఉండేది ఇంక ఈ రెండేండ్లే." ఊళ్ళో అందరికీ చదువు కోసం అని చెప్పాం. నేను వెళ్ళింది మాత్రం మా నాయనతో ఒక ఇంట్లో ఉండటానికి.

2017 మే నెలాఖరున దిగాం. రంజాన్ అప్పుడే మొదలైంది. పగలు బయట మంచినీళ్ళు తాగినా చట్టరీత్యా తప్పు. స్కూలు కొన్ని రోజులు నడిచి వేసవి సెలవులిచ్చేశారు. ఇక ఆగస్టు చివరి దాకా అబ్బాసియాలో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్, ఏసీ, కిటికీ అవతల యాభై డిగ్రీల ఎండ. దుమ్ము లేచిన రోజు ఎదురు బిల్డింగు కూడా కనపడదు.

నాయన ఆ ఫ్లాట్లో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉండేవాడు. పదమూడేళ్ళు కంపెనీ గదిలో ఆరుగురితో కలిసి ఉన్న మనిషి. స్నానానికి తన సోపు డబ్బా తీసుకుపోయి మళ్ళీ దాన్ని తన అల్మరాలోనే పెట్టుకునేవాడు. డబ్బా మీద మార్కర్‌తో తన పేరు. తిన్న కంచం అమ్మ చేతికివ్వకుండా తనే కడిగి బోర్లించేవాడు. నిద్రలో ఎవరి అలారమో మోగినట్టు నాలుగింటికే లేచేవాడు. నాతో నేరుగా మాట్లాడటానికి మొహమాటం. నేను పక్కనే ఉన్నా "వాడు తిన్నాడా?" అని అమ్మను అడిగేవాడు. నేను కూడా "నాయన టీవీ చూస్తాడేమో అడుగు" అని అమ్మకే చెప్పేవాణ్ణి. మూడు గజాల హాల్లో అమ్మ మా ఇద్దరికీ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్.

మా మధ్య మాటలు మొదలైంది ఫిజిక్స్ వల్ల. స్కూలు సీబీఎస్ఈ, క్లాసంతా ఇంగ్లీషు, పిల్లల్లో ఎక్కువమంది మలయాళీలు. నాకు లెక్క తెలుసు, దాని పేరు తెలియదు. త్వరణం తెలుసు, యాక్సిలరేషన్ తెలియదు. ఘర్షణ తెలుసు, ఫ్రిక్షన్ తెలియదు. ఆ సెలవుల్లో పుస్తకం ముందేసుకుని, ఒక నోట్‌బుక్కులో ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒక రాత్రి నాయన వెనక నుంచి చూసి, "నిరోధం అంటే రెసిస్టెన్సేనా?" అన్నాడు. అవునన్నా. "మరి విద్యుత్ వాహకం?" "కండక్టర్." ఆయన నవ్వి కింద కూర్చున్నాడు. సైట్లో రోజూ వాడే మాటలు ఆయనకు ఇంగ్లీషులో తెలుసు, వాటి వెనకున్న సూత్రాలు డిప్లొమాలో చదివి మర్చిపోయాడు. నాకు సూత్రాలు తెలుసు, మాటలు తెలియవు. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పది దాకా ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్ళం. గోడలోని ప్లగ్గు పాయింటు విప్పి, మూడు పిన్నుల్లో ఎర్త్ పిన్ను ఎందుకు పొడుగ్గా ఉంటుందో ఆయన చూపించాడు. నేను ఈఈఈ తీసుకోవడానికి కారణం ఆ పిన్ను అంటే మీరు నవ్వుతారేమో. ఇంటర్వ్యూల్లో వేరే కారణం చెబుతుంటాను.

ఇదంతా 22 కథ. ఇక 20 కథ.

మా వీధిలో నా ఈడువాడు ఒకడున్నాడు. వరసకు బావ. బడికి కలిసి పోయేవాళ్ళం, ఒకే బెంచీ. వాడు ఐదో తరగతిలో ఉండగా వాళ్ళ నాయన పోయాడు, అప్పు మిగిలింది. తర్వాతి సంవత్సరం వాళ్ళమ్మ కువైట్‌కు ఖాదిం వీసా మీద వెళ్ళింది. వాడు అవ్వ దగ్గర పెరిగాడు. నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం చెరువు కట్ట మీద వాడు నన్ను ఒకటే అడిగాడు. "మాయమ్మను ఒకసారి చూసి రా బావా. ఫోన్లో ఎప్పుడడిగినా బాగుండాననే అంటాది. నువ్వు చూసి నిజం చెప్పు."

కువైట్ సిటీలో మాలియా అని ఒక చోటుంది. శుక్రవారం సెలవు రోజు తెలుగువాళ్ళు అక్కడికి చేరతారు. కరివేపాకు, పచ్చళ్ళు, డబ్బు పంపే ఎక్స్‌ఛేంజ్‌లు, ఊరికి డబ్బాలు పంపే కార్గో షాపులు. ఏ పక్క చూసినా మన యాస. అక్కడే అత్తను కలిశాం. ఆమెకు నెలకు ఒక శుక్రవారమే సెలవిచ్చేవాళ్ళు. ఇంటిపనివాళ్ళ కోసం 2015లో కువైట్ ఒక చట్టం చేసింది: రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి. అది కాగితం మీదుంది. ఆమె ఉన్న ఇంట్లో రోజు తెల్లవారి ఐదుకు మొదలై, పిల్లలు నిద్రపోయాక ముగిసేది.

నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "మావాడు ఎంత ఎత్తయినాడు?" నాకంటే నాలుగు వేళ్ళు ఎత్తని చెప్పా. ఆమె లేచి నిలబడి, నా తల మీద నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి, పైవేలు దగ్గర చెయ్యి అట్లే గాలిలో ఉంచి కాసేపు చూసింది. మా అమ్మ తల తిప్పుకుంది.

అప్పుడు ఆ చేతులు చూశాను. క్లోరిన్ నీళ్ళకు వేళ్ళ సందులు పగిలి, ఎర్రగా ఉన్నాయి. ఫోటో తీస్తానంటే చేతులు కొంగులో చుట్టుకుని, "మొగం వరకు తియ్యి" అంది. పోయేటప్పుడు, "చేతుల సంగతి వానికి చెప్పాకు నాయనా" అంది.

ఆ రాత్రి వాడికి ఫోన్ చేశాను. చూసి నిజం చెప్పమన్నాడు కాబట్టి చూసినదంతా చెప్పాను. చెప్పొద్దని ఆమె అన్న మాటతో సహా. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే బావా" అని పెట్టేశాడు. రెండు నెలలకు మా ఊరి నుంచి ఒకాయన సెలవు ముగించుకుని కువైట్ వస్తుంటే, వాడు ఆయన చేతికి ఒక పొట్లం ఇచ్చి పంపాడు. రాజంపేట మెడికల్ షాపులో కొన్న రబ్బరు గ్లవుజులు, నాలుగు జతలు, ఒక ఆయింట్‌మెంట్. తర్వాతి సెలవు శుక్రవారం మాలియాలో ఆమెకిచ్చాను. "ఇవి ఈడ పావు దినారుకు దొరుకుతాయిరా పిచ్చోడా" అని ఊళ్ళో ఉన్న కొడుకును తిట్టింది. ఒక జత అక్కడికక్కడే వేసుకుని నాకు చూపించింది. "ఇప్పుడు తియ్యి ఫోటో" అంది. చేతులు కనపడేట్టు తీశాను.

ఆ రెండేళ్ళలో నేను అత్తను పద్నాలుగుసార్లు చూశాను. ఆమె కొడుకు ఆమెను ఒకసారి చూశాడు. ఆ లెక్క నాకు చాలాకాలం అర్థం కాలేదు. నేను వాడి కంటే బాగా చదివేవాణ్ణి కాదు. లెక్కల్లో వాడే ఫస్టు. వాళ్ళమ్మ మా నాయన కంటే తక్కువ కష్టపడిందీ లేదు. మా నాయన జీతం గీతకు పది దినార్లు పైన ఉంది, వాళ్ళమ్మ వీసాకు గీతే లేదు. నేను వాళ్ళమ్మ ఉన్న ఊళ్ళోనే స్కూలు బస్సెక్కేవాణ్ణి, వాడు రాజంపేటలో ఆమె ఫోన్ కోసం రాత్రి పదకొండున్నర దాకా మేలుకునేవాడు. మనకూ కువైట్‌కూ రెండున్నర గంటలు తేడా. ఆమెకు తీరిక దొరికేసరికి అక్కడ తొమ్మిదయ్యేది.

ఈ మూడు నంబర్లూ కాక నాలుగో రకం మనుషులు కూడా ఉన్నారు. ఏ నంబరూ లేనివాళ్ళు. పెట్టిన ఇంట్లో ఉండలేక బయటికొచ్చేసినవాళ్ళు, వీసా ముగిసినా అప్పు తీరక ఉండిపోయినవాళ్ళు. వాళ్ళను మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. 2018 జనవరి 29 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు జరిమానా కట్టకుండా దేశం వదిలి పోవచ్చు. 2011 తర్వాత అదే మొదటిసారి. ముందు ఫిబ్రవరి 22 దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఇండియన్ ఎంబసీ ఔట్‌పాస్ ఇవ్వాలి. దానికి ఇంగ్లీషులో ఫారం నింపాలి.

నాకు పదకొండో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. అయినా నాయన శుక్రవారాలు నన్ను తన పాత రూముకు తీసుకుపోయేవాడు. ఆ ఆరుగురి గదిలో ఒక మంచం మీద నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే, ఒక్కొక్కరు వచ్చేవాళ్ళు. ఎక్కువమంది మా చుట్టుపక్కల మండలాలవాళ్ళే. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇండియాలో అడ్రసు. పుట్టిన తేదీ దగ్గర చాలామంది ఆగేవాళ్ళు. అడ్రసు దగ్గర ఆగినవాడు ఒకడే. నలభై దాటిన మనిషి, తొమ్మిదేళ్ళుగా ఇంటికి పోలేదు. డోర్ నంబరు అడిగితే ఏమీ చెప్పలేదు. ఫోన్ తీసి ఇంటికి చేశాడు. "మన ఇంటి నంబరు ఎంత?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆ ఇల్లు ఆయన పంపిన డబ్బుతో కట్టిందే. ఆయన ఇంకా చూడలేదు. ఫోన్లో చెప్పిన నంబరు ఆయన ఒక్కో అంకె పలుకుతుంటే నేను రాసుకున్నాను. తర్వాత ఆయన ఫారం తీసుకుని, నేను రాసిన ఆ నంబరును మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాయన అన్నాడు, "మీరు రాకపోయుంటే నేను కూడా నీ చొక్కా సైజు ఎవరినో అడగాల." మా నాయన నాతో ఆ రెండేళ్ళలో మాట్లాడిన మాటల్లో అంత నేరుగా అన్నది అదొక్కటే.

2019 మార్చిలో బోర్డు పరీక్షలు రాశాను, మేలో రిజల్ట్స్ వచ్చాయి. గల్ఫ్‌లో స్కూలు ముగించిన మనలాంటి పిల్లలు ఎక్కువమంది చేసినట్టే నేనూ ఇంజనీరింగుకు ఇక్కడికి వచ్చేశాను. అమ్మా నాయనా ఇంకా అక్కడే ఉన్నారు. ఇప్పుడు నాయన సోపు డబ్బా మీద పేరు లేదంట, అమ్మ చెప్పింది. ఎయిర్‌పోర్టులో ఆయన నాకు ఒక చొక్కా ఇచ్చాడు. సరిగ్గా సరిపోయింది. దాన్ని మీలో చాలామంది చూశారు, నీలం గళ్ళది, ఫ్రెషర్స్ డేకి వేసుకున్నది.

అత్త 2021లో పూర్తిగా వచ్చేసింది. అప్పు తీరింది, కూతురి పెళ్ళి అయింది. మా వాడు పాలిటెక్నిక్ ముగించి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరాడు. కాంట్రాక్టు ముగిసింది, మళ్ళీ తీసుకోలేదు.

పోయిన నెల మిడ్స్ జరుగుతున్నప్పుడు వాడు ఫోన్ చేశాడు. "బావా, ఒక కాగితం పంపినా, చదివి చెప్పు." వాట్సాప్‌లో తెరిచి చూశాను. ఒక పక్క అరబిక్, ఒక పక్క ఇంగ్లీషు. ఇంటి డ్రైవరు ఉద్యోగం, నెలకు 120 దినార్లు. వీసా నంబరు 20.

ప్రతి లైను చదివి తెలుగులో చెప్పాను. పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదని చెప్పాను. వారానికి ఒక సెలవు అడిగి తీసుకోమన్నాను. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దని, ఎంబసీ నంబరు ఫోన్లో పెట్టుకొమ్మని, ఈ కాగితం ఫోటో అత్త దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉండాలని చెప్పాను. రేపు పెళ్ళయితే ఈ వీసా మీద పెళ్ళాన్ని, పిల్లల్ని తెచ్చుకోవడానికి కుదరదని కూడా చెప్పాను.

"తెలుసులే బావా. మాయమ్మ చెప్పింది. ఎంతకాలమని ఉంటా, రెండేండ్లేగా" అన్నాడు.

2004లో మా నాయన మా అమ్మతో చెప్పింది కూడా రెండేండ్లనే.